బావికి ప్రార్థన

శుక్రవారం పొద్దున సంఘపెద్ద ఏసన్న బావికి ప్రార్థన చేయిస్తున్నాడన్న మాట కింది పల్లె చేరేసరికి సువార్తమ్మ కోడలికి జావ కాస్తోంది. ముందు నమ్మలేదు. బిడ్డలకు ప్రార్థన చేస్తారు, రోగులకు చేస్తారు, కొత్తింటికి చేస్తారు. బావికి ఏం రోగమొచ్చిందని చేస్తారు? ఆ రోగం తానేనని అర్థం కావడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు.

ముందురోజు జరిగింది ఇంతే. కమలాపురానికి ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో మాలలుండేది పై పల్లె, మాదిగలుండేది కింది పల్లె. రెండు పల్లెలూ ఏసుప్రభువును నమ్ముకున్నవే. గుడి కూడా ఒకటే. గుడి పక్కనున్న సంఘం బావి మాత్రం పై పల్లెవాళ్ళది. కింది పల్లె ఆడవాళ్ళు కడవలు పెట్టుకొని గట్టుకు దూరంగా నిలబడాలి, పై పల్లెవాళ్ళు ఎవరైనా దయతలచి నీళ్ళు పొయ్యాలి. సువార్తమ్మ కోడలు కరుణ ప్రసవమై ఐదురోజులు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. కింది పల్లె బావిలో బురద తప్ప ఏమీ లేదు. ఎండలో రెండు గంటలు నిలబడినా సువార్తమ్మ కడవలో ఎవరూ చెంబెడు పొయ్యలేదు. వచ్చినవాళ్ళందరికీ ఆ పూట ఏదో ఒక తొందర. చివరికి ఆమె గట్టెక్కి, తనే చేద వేసి, రెండు కడవలు తోడుకొని ఇంటికొచ్చింది.

అప్పటినుంచి పై పల్లెలో ఎవరూ ఆ నీళ్ళు ముట్టలేదట. పంచగవ్యం చల్లించుకుందామంటే క్రైస్తవులైపోయారాయె. అందుకని ఈ ప్రార్థన.

సువార్తమ్మ జావ దించి, ఖాళీ కడవ చంకన పెట్టుకొని బయలుదేరింది. దారిపొడవునా కడుపు మండిపోతోంది. రెండేళ్ళ కిందట, యాభై రెండు కరువులో, మిషను దొరసాని ఆ బావి తవ్విస్తే రాళ్ళు కొట్టినవాళ్ళలో తన పెనిమిటి ఉన్నాడు. ఏసన్న చేనుకు ఎద్దులతో నీళ్ళు తోడే కపిలకు తోలు బాన కుట్టిచ్చేది కూడా ఆయనే. ఆ తోలులోంచి పారిన నీళ్ళతో పండిన కొర్రలు మింగడానికి మాత్రం ఎవరికీ అంటు అడ్డం రాదు.

బావి చుట్టూ పదిమంది తలలు వంచి నిలబడి ఉన్నారు. కింది పల్లె ఆడవాళ్ళు కడవలతో ఎప్పటిలాగే దూరంగా నిలబడ్డారు. ఏసన్న బావి మాట వచ్చే వాక్యం వెతికి పట్టుకున్నట్టున్నాడు. ప్రభువు నడిచి నడిచి అలసి యాకోబు బావి దగ్గర కూర్చున్నాడన్నంతవరకు చదివి, అక్కడ ఆపేసి, ఈ నీళ్ళను శుద్ధి చేయమని కళ్ళు మూసుకొని దేవుణ్ణి వేడుకోవడం మొదలుపెట్టాడు.

సువార్తమ్మకు చదువు రాదు. అయినా ఇరవై ఏళ్ళుగా వింటున్న కథ. ఆ బావి దగ్గరికి తర్వాత ఎవరొచ్చారో ఆమెకు బాగా తెలుసు.

"ఆడ నిలిపినావేమప్పా ఏసన్నా? ఆ తరువాత ఎవరొచ్చినారో చదువు."

అందరూ కళ్ళు తెరిచారు. "ప్రార్థన నడుస్తాండాది సువార్తమ్మా, దూరం జరుగు" అన్నాడు ఏసన్న.

"నువ్వు చదవకుంటే నేను చెప్తా. ఒక ఆడామె నీళ్ళకొచ్చింది. ప్రభువు కులపోళ్ళు ముట్టని కులం ఆమెది. దాహమైతాండాది, నీళ్ళియ్యమ్మా అని ప్రభువే నోరు తెరిచి అడిగినాడు. నా చేతి నీళ్ళు నువ్వు తాగుతావా అని ఆమే బిత్తరపోయింది. పోయిన నెల గుడిలో నువ్వు చెప్పిందే గదా?"

"గుడి సంగతి వేరే. ఈడ పెద్దల కట్టుబాటు ఉండాది. అది మేం తప్పితే రేపు ఊళ్ళో మాకు పనిచ్చేవాడు ఉండడు."

పై కులాలవాళ్ళకు భయపడి తమను దూరం పెడుతున్నాడన్నమాట. ఆమెకు అతని మీద కంటే తన మీద తనకే ఎక్కువ కోపమొచ్చింది. ఈ రెండేళ్ళూ ఆ గట్టు కింద చేతులు కట్టుకొని నిలబడింది తనే. సువార్తమ్మ గట్టెక్కి చేద వేసింది. నిండిన చేద పైకి లాగి ఏసన్న ముందు పట్టుకుంది.

"నెలనెలా గుడిలో పాదిరి అయ్యగారిచ్చే ప్రభువు ద్రాక్షరసం గిన్నె మీరంతా తాగినాక మాకొస్తాది. మీ ఎంగిలి అనుకోకుండా కళ్ళకద్దుకొని తాగినాం. ఈ పొద్దు నా చేతి నీళ్ళు నువ్వు తాగు."

ఏసన్న చేతులు పుస్తకాన్ని వదల్లేదు.

"తాగవు గదా. ఎల్లుండి అయ్యగారొచ్చి గిన్నె అందిస్తే నేనూ తాగను. ఎందుకమ్మా అంటే ఈ మాటే చెప్తా."

చేద కడవలోకి వంపి, కింద నిలబడిన ఆడవాళ్ళవైపు తిరిగింది. "లక్ష్మక్కా, యాడ నిలబడినావు? రా, చేదుకో."

లక్ష్మక్క అటూ ఇటూ చూసి కదిలింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు కదిలారు. కడవలు గట్టెక్కేసరికి ఏసన్నకు నిలబడ్డానికి చోటు లేక పక్కకు జరగాల్సి వచ్చింది.

సువార్తమ్మ కడవ నెత్తికెత్తుకుంది. కోపం ఇంకా చల్లారలేదు. దాన్ని చల్లార్చవద్దని దేవుణ్ణి వేడుకుంటూ ఇంటిదారి పట్టింది.