కనిపెట్టు ప్రార్థన

ఉపవాసం వాళ్లది, వంట నాది. పుంగనూరులో మా సంఘానికి శుక్రవారం అంటే ఉపవాస ప్రార్థన. పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా అరవై మంది గొంతులో నీళ్లు కూడా పోసుకోకుండా దేవుణ్ణి అడగాల్సినవన్నీ అడుగుతారు. రెండు దాటగానే అదే అరవై మందీ చేతులు కడుక్కుని చాపల మీద వరసగా కూర్చుంటారు. వాళ్లకు అన్నం, టమోటా పప్పు, చారు చేసి సిద్ధంగా ఉంచడం పాస్టరు భార్యగా నాకు దేవుడిచ్చిన పరిచర్య అని మా ఆయన అంటాడు. నేనూ ఉపవాసమే కాబట్టి ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూడటానికి కూడా వీల్లేదు. ఉప్పు ఎక్కువైన రోజు మాత్రం "అమ్మగారి మనసు ఈ పొద్దు వాక్యం మింద లేదు" అని మా అత్త వెంకటలక్ష్మమ్మ నలుగురిలో నవ్వుతుంది. నా పేరు అమరావతి. సంఘంలో అమ్మగారు, ఇంట్లో "మేయ్". అమరావతి అని నన్ను పిలిచేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు.

ఒంటి గంటకు పాటలూ ప్రార్థనలూ ఆపి మా ఆయన మైకులో "ఇప్పుడు అందరూ కనిపెట్టండి" అంటాడు. మాలో కనిపెట్టడమంటే అడగడం మానేసి, నోరు మూసుకుని, దేవుడు ఏం చెబుతాడోనని అరగంట కాచుకుని ఉండటం. ఎవరితోనైనా ఆయన మాట్లాడితే వాళ్లు లేచి ఆ మాట అందరికీ చెప్పాలి. నేను సదుం దగ్గర గొర్లూ ఆవులూ మేపుకునే ఇంట్లో పుట్టినదాన్ని, పెళ్లితోనే ఈ దేవుడి దగ్గరికి వచ్చాను. మొదటి శుక్రవారం "కనిపెట్టండి" అనగానే ఎవరిదో ఏదో పోయిందనుకున్నాను. కళ్లు తెరిచి, చాప ఎత్తి కింద వెతికాను. పక్కనున్న బయ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "పోయింది కాదమ్మా, వచ్చేదాన్ని కనిపెట్టల్ల" అని చెవిలో చెప్పింది. మరుసటి రోజు మా అత్త పొయ్యి మీద పాలు పెట్టి, "ఈడ కనిపెట్టుకోని ఉండు, పొంగిపోతాది" అని తను ప్రార్థనకు పోయింది. మాట ఒకటే. ఆమెకు దేవుడు, నాకు పాలు.

అయినా నాకు దేవుడు తెలియనివాడు కాదు. గొప్పకు చెప్పడం లేదు. రెండో కాన్పులో బిడ్డ పుట్టి ఏడవకుండానే పోయినప్పుడు మదనపల్లిలో ఆసుపత్రి మంచం మీద తొమ్మిది రోజులు పడున్నాను. మా ఆయన వచ్చి, అంతా దేవుడి చిత్తమని ప్రార్థన చేసి, బస్సు టైమైందని వెళ్లిపోయాడు. "మళ్లీ కందువులే" అంది మా అత్త. ఆ మధ్యాహ్నం వార్డులో అందరూ కునుకు తీస్తుండగా నా మంచం పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. కనబడలేదు. ఒక్క మాటా అనలేదు. చావు జరిగిన ఇంట్లో అయినవాళ్లు కూర్చున్నట్టు ఊరకే కూర్చున్నాడు. ఆ బిడ్డ కోసం నేను ఏడ్చింది అప్పుడే. ఆ రోజు నుంచి పప్పు ఎనుపుతున్నా, అంట్లు తోముతున్నా ఒక చెవి అటే పెట్టి ఉంచేదాన్ని. అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవాడు. రెండేళ్లుగా రావడం లేదు. ఎందుకు రావడం లేదో నాకు తెలుసు.

వీణ మా సంఘంలోనే పెరిగిన పిల్ల. కుప్పంలో ఇచ్చారు. మొగుడు వినోద్ గ్రానైట్ రాళ్లు పాలిష్ చేసే చోట సూపర్‌వైజరు, వాళ్ల నాన్న కుప్పం సంఘానికి పెద్ద. రెండేళ్ల కిందట వీణ వీపు మీద బెల్టు వాతలతో పుట్టింటికి వచ్చేసింది. ఆ గురువారం అన్నం తింటూ మా ఆయన అన్నాడు:

"మేయ్, ఆ పిల్ల వెనక్కి పోకుంటే కుప్పం సంఘం మనల్ని ఇడిసిపెడతాది. నేను పొమ్మంటే మగోడు మగోడికే వత్తాసు అంటారు. ఆడదానికి ఆడది చెప్తే వింటాది. రేపు కనిపెట్టేటప్పుడు నువ్వు లేసి చెప్పు."

"నాకి దేవుడేం చెప్పలేదు కదా?"

"నువ్వు నోరు తెరువు, ఆయనే చెప్పిస్తాడు. కండ్లు మూసుకోని నెమ్మదిగా చెప్పు. ఇంకొంచెం చారు పొయ్యి."

చారు పోశాను. మరుసటి రోజు లేచాను. కళ్లు మూసుకుని, "కుమారీ, నీ భర్త దగ్గరికి తిరిగిపో, నేను నీకు తోడుగా ఉంటాను అని ప్రభువు సెలవిస్తున్నాడు" అన్నాను. ఇప్పుడు దాచుకుని ఏం చేసుకుంటాను, నిజమే చెబుతాను. నాకు బాగుండింది. పద్దెనిమిదేళ్లుగా ఆ హాల్లో నా గొంతు "ఇంకొంచెం అన్నం పెట్టేదా" అనడానికి తప్ప లేవలేదు. ఆ రోజు అరవై మంది ఊపిరి బిగబట్టి నా మాట విన్నారు. నా మొగుడు "ఆమేన్" అన్నాడు. మా అత్త కళ్లు తుడుచుకుంది. వీణ మోకాళ్ల మీద పడి "స్తోత్రం" అంది, సాయంత్రం బస్సుకే కుప్పం వెళ్లిపోయింది. ఛీ, నా బతుకు చెడ! ఆ రుచి కోసం ఒక ఆడపిల్లను పంపించాను.

అప్పటి నుంచి శుక్రవారం కళ్లు మూసుకుంటే ఆయన రాడు. నా గొంతే వస్తుంది. "కుమారీ, తిరిగిపో." అదే నెమ్మది, అదే తీపి. ఒక్క శుక్రవారమైతే ఓర్చుకుందును. అంట్లు తోముతుంటే కొళాయి నీళ్ల చప్పుడులో వినిపిస్తుంది. మధ్యాహ్నం మిక్సీ ఆపగానే ఇల్లు ఒక్కసారిగా సద్దుమణుగుతుంది చూడండి, అప్పుడు నా వెనకే నిలబడి "కుమారీ" అంటుంది. గబుక్కున తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు. ఒకసారి "ఎవరది?" అని పైకే అనేశాను. "యాడనో సూస్తాంటావు, నీకి దయ్యం గానీ పట్టిందా?" అని మా అత్త నా నెత్తిన నూనె రాసి ప్రార్థన చేసింది. దయ్యమైతే ఆ నూనెకు పోయేదే. నా గొంతు నన్ను వదిలి ఎక్కడికి పోతుంది?

పోయిన సోమవారం వీణ మళ్లీ వచ్చింది, చంకలో ఏడాది ఆడపిల్లతో. బుధవారం వినోద్ వాళ్ల నాన్న ఫోను చేశాడు. గురువారం అన్నం దగ్గర మా ఆయన "పోయినసారి మాదిరే చెప్పు" అన్నాడు, అంతే. నాకు పాఠం వచ్చు కదా, కొత్తగా నేర్పే పని లేదు. "మేము పడలేదా? మొగుడు చెయ్యెత్తని సంసారం యాడుండాది?" అని మా అత్త అప్పడం విరుచుకుంది.

శుక్రవారం వీణ నాకు సాయంగా వంటింట్లోకి వచ్చి టమోటాలు తరుగుతూ కూర్చుంది. "బిడ్డ పాలు తాగిందా?" అని అడిగాను. పలకలేదు. మళ్లీ అడిగాను. తలెత్తలేదు. కోపమేమో అనుకున్నాను, కోపమే అయితే ఎంత బాగుండు అని కూడా అనుకున్నాను. భుజం తట్టాను.

"ఈ పక్కకి రాండమ్మగారూ," అంది నవ్వుతూ. "ఆ చెవి వినపడదు. కొట్టినాడులే. మదనపల్లిలో డాక్టరు చూసి లోపల పొర చినిగిపోయిందన్నాడు."

"ఎప్పుడు?"

"మీరు పొమ్మన్నాక, నెలకే." మళ్లీ తనే సర్దుకుంది. "మీరు కాదులే. దేవుడు."

వెళ్లి ఆమెకు వినపడే కుడిపక్క కూర్చున్నాను. "నన్ను తిట్టవే వీణా" అన్నాను.

"యాల తిట్టల్ల? దేవుడు చెప్పినాక పోకుండా ఎట్లుంటాను? ఆయనకేదో ఉద్దేశం ఉంటాది. ఈ పొద్దు కూడా మీ నోటే రానీండి. పొమ్మంటే పోతాను, వొద్దంటే ఉంటాను. మా అమ్మ ఒకటి చెప్తాది, మా అన్న ఒకటి చెప్తాడు. నాకి మనుషుల మాటలొద్దమ్మగారూ. ఆయన మాట కావల్ల."

అంతలో బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు ఎటునుంచి వస్తోందో వీణకు తెలియలేదు. ముందు వాకిలి వైపు చూసింది, తర్వాత పెరటి వైపు తిరిగింది. బిడ్డ ఆమె వెనకాలే, నాలుగడుగుల దూరంలో చాప మీద ఉంది.

ఒంటి గంటకు పప్పు దించి, చెమట తుడుచుకుని హాల్లోకి వెళ్లాను. "కనిపెట్టండి" అన్నాడు మా ఆయన, నా వైపు ఒక చూపు చూసి. అప్పుడే ఒక ఉపాయం తట్టింది, తట్టగానే ప్రాణం లేచొచ్చింది. అదే గొంతుతో "కుమారీ, పోవద్దు" అనేస్తే సరి! మా ఆయన నోరెత్తలేడు. దేవుడి మాటకు ఆయన ఎదురు చెబుతాడా? వీణ బతికిపోతుంది. ముల్లును ముల్లుతోనే కదా తీస్తారు. కానీ వచ్చే శుక్రవారం ఇంకెవరో లేచి, అంతకన్నా నెమ్మదిగా "పో" అంటారు. ఈ పిచ్చిది మళ్లీ మూట కట్టుకుంటుంది. దేవుడి గొంతు ఎవరు అరువు తెచ్చుకుంటే వాళ్ల వెంట నడవడం దానికి నేర్పింది నేనే కదా. వద్దు, ఇంకోసారి ఆ పని చేయను అనుకున్నాను.

కళ్లు మూసుకున్నాను. ఈసారి నిజంగానే కనిపెట్టాను. ఏదైనా చెప్పమని అడగలేదు, క్షమించమని కూడా అడగలేదు. ఫ్యాను తిరుగుతోంది. పైన రేకుల మీద కాకి నడుస్తోంది. నా గొంతు రానే వచ్చింది, "కుమారీ" అంది. అననిచ్చాను. ఎన్నిసార్లు అన్నా అడ్డం పోకుండా, దాని వెనకాల ఇంకేమైనా ఉందా అని చెవి పెట్టాను. ఏమీ లేదు. నా పక్కన ఎవరూ వచ్చి కూర్చోలేదు. ఎంత కాచుకున్నా ఒక్క మాట రాలేదు. నేను అనబోయేదానికి ఈసారి నా వెనక ఎవరూ లేరని తెలిసింది. గడియారంలో ఒకటిన్నర కావస్తోంది. లేచి నిలబడ్డాను.

"మాట్లాడు ప్రభువా" అన్నాడు మా ఆయన మైకులో, కళ్లు మూసుకునే.

నేను కళ్లు మూసుకోలేదు. చాపలు దాటుకుంటూ వీణ దగ్గరికి, ఆమెకు వినబడే పక్కకు వెళ్లాను.

"వీణా, పోయినసారి నిన్ను పొమ్మన్నది దేవుడు కాదు. ముందురోజు అన్నం తింటా అయ్యగారు చెప్పమన్నాడు. నేను దేవుడి పేరు పెట్టి చెప్పినాను."

ఎవరో "స్తోత్ర" దాకా అని ఆపేశారు.

"మేయ్!" అన్నాడు మా ఆయన. ఇంట్లో పిలిచే ఆ పిలుపు మైకులో నుంచి అరవై మందికీ వినబడింది. "కూర్చో! ఏం మాట్లాడతాండావు?"

కూర్చోలేదు. వీణ ముఖం చూడాలంటే భయం వేసింది, అయినా చూశాను. కోపం లేదు అందులో. దెబ్బలు తిన్నంత కాలం ఆమె పట్టుకుని వేలాడిన ఆ 'ఉద్దేశం' ఉందే, దాన్ని నేను అందరి ముందూ లాగేశాను. కిందా మీదా పడి బిడ్డను ఒళ్లోకి లాక్కుంది.

"అయితే ఇప్పుడు ఆయన ఏం చెప్తాండాడమ్మగారూ?"

"ఏం చెప్పలేదు తల్లీ. అరగంట కాచుకోని ఉన్నాను, ఒక్క మాట చెప్పలేదు," అన్నాను. "పోవద్దని నేను చెప్తాండాను."