మర్యాదకన్న మాట

కొత్త కుట్టుమిషన్ల పని నేర్చుకు రమ్మని ఫ్యాక్టరీవాళ్లు సబ్రీన్‌ను నెల్లాళ్లపాటు తమ ఊరు మహల్లా నుంచి అలెగ్జాండ్రియాకు తిప్పారు. దారి ఖర్చులు మావేనని మేనేజర్ రిఫత్ గుండెమీద చెయ్యి వేసుకుని మరీ చెప్పాడు. ఆ మాట నమ్మి, చేతిలో డబ్బు లేక, ఆమె చెవికమ్మలు అమ్ముకుని రైలెక్కింది.

నెల తిరిగాక వెళ్లి అడిగితే ఆయన నవ్వాడు.

"మర్యాదకన్నానమ్మా. బియ్యం కొంటే కొట్టతను 'డబ్బులెందుకులే, ఉంచుకో' అంటాడు. ఊరికే మోసుకొచ్చేస్తావా?"

"కొట్టతను నన్ను ఊళ్లు తిప్పలేదు కదా సార్."

"నేర్చుకున్న పని నీ చేతుల్లోనే ఉందిగా. పోనీ, అది నాకిచ్చెయ్."

ఆఫీసులోని గుమాస్తాలు కిసుక్కున నవ్వారు. సబ్రీన్‌కు వాళ్లమీద కోపం రాలేదు, తనమీద తనకే ఒళ్లు మండింది. ఇలాంటి మాట నిజమనుకునే పిచ్చిది ఆ ఊళ్లో ఇంకెవరుంటారు?

సాయంత్రం మైక్రోబస్సు దిగుతూ, మిగిలిన ఒక్క నోటూ తీసింది.

"ఉండనీలే అక్కా, మన బండేగా," అంటూనే డ్రైవరు చెయ్యి చాపాడు.

ఆమె ఆ చేతివంక చూస్తూ నిలబడిపోయింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు.

"అబ్బే, తీసుకోవాల్సిందే తమ్ముడూ," అని సబ్రీన్ బతిమాలి మరీ ఇచ్చింది.