సంతకం పెట్టని కార్డు

బాయిలరు ఆవిరి వాల్వును నడిపే పాత కంట్రోల్ కార్డు మీది దుమ్మును బ్రష్షుతో దులిపి, భూతద్దం కింద పెట్టి, నంబరులో ఒక్కో అంకె మీదా వేలు ఆనించి చదువుతున్నాడతను. పక్కన కొత్త కార్డు. పాతది పాడైతే దాని చోట కొత్తది సరిపోతుందో లేదో తేల్చడం అతని పని. ఇరవై ఆరేళ్ళుగా అదే స్టూలు, అదే బల్ల. అందరూ అతన్ని ‘సరిపోదు’ అనే పిలుస్తారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. కార్ఖానా నిలబడేది ఇలాంటివాళ్ళ వేళ్ళ మీద; గోడకెక్కే ఫొటోలు మాత్రం వేరేవాళ్ళవి.

బాయిలరు ఆపరేటరు తలుపు దగ్గర నిలబడి నవ్వింది. "ఏమన్నా, ఈసారైనా సరిపోతుందా? సరిపోదనే అంటానని మొక్కుకున్నావా ఏంటి?"

"నవ్వు చెల్లీ, నవ్వు. ఆవిరి వాల్వు పక్కన నిలబడేది నువ్వేగా. ఇక్కడ వాల్వు బదులు దీపం వెలిగించి, కార్డుకు కబురు తెచ్చే లింకు వైరు పీకి చూస్తా. దీపం ఆరిందా, మంచి కార్డు. లింకు తెగ్గానే వాల్వు మూసేస్తుంది. ఆరలేదా, నీ ఛాయలక్కూడా రానివ్వను."

పదహారేళ్ళ కిందట ఒకే ఒక్కసారి, పైవాళ్ళు తొందరపెడుతున్నారని, వైరు పీకి చూడకుండా సంతకం పెట్టాడు. లింకు తెగినా వాల్వు మూసుకోలేదు. ఆవిరికి ఎదురుగా ఉన్నవాడు సొంత బావమరిది. ప్రాణం దక్కింది, కళ్ళు పోయాయి. భార్య తమ్ముడి చెయ్యి పట్టుకుని పుట్టింటికి వెళ్ళింది. మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి ఒక గది, ఒక కంచం, ఒక గ్లాసు. ఆదివారాలంటే భయం. పలకరించే దిక్కుండదు.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు.

"నంబరు ఒకటేగా! ఇంకా ఏం చూస్తావయ్యా?"

"చివరి అక్షరం వేరు సార్."

"సరిపోతుందని కార్డు కంపెనీవాళ్ళ లిస్టులో ఉంది."

"లిస్టు రాసినవాడు ఆవిరి పక్కన నిలబడడు సార్."

"సాయంత్రం షిఫ్టుకి కార్డు ఎక్కాల్సిందే. నువ్వు పెట్టకపోతే సంతకం నేనే పెడతా."

మేనేజరు వెళ్ళిపోయాడు. అతను గోడ వైపు తిరిగి ఏదో గొణుక్కున్నాడు. పొద్దుట్నుంచి ఎడమ చెయ్యి లాగుతోంది. దాన్ని ఒళ్ళో పడేసి కుడిచేత్తోనే వైర్లు బిగించాడు. దీపం వెలిగింది. లింకు వైరు పీకాడు.

షిఫ్టు మారే వేళకు ఆపరేటరు మళ్ళీ వచ్చింది. అతను బల్ల మీద తల వాల్చి ఉన్నాడు.

"కునుకు తీస్తున్నావా అన్నా? అన్నా!"

భుజం తాకింది. చల్లగా ఉంది. పిడికిట్లో పీకిన వైరు.

ఆమె కేకకు నలుగురూ వచ్చి అతన్ని మోసుకెళ్ళారు. వాళ్ళ వెనకే వచ్చిన మేనేజరు గడియారం చూసుకుని కార్డు కోసం చెయ్యి చాపాడు. ఆమె బల్లకు అడ్డంగా నిలబడింది.

"చెయ్యి తియ్యండి సార్. ఇది సరిపోదు."

మేనేజరు ఆమె ముఖం చూశాడు, బల్ల మీదికి చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాగితం మీద సంతకం గడి ఖాళీగా ఉంది. లింకు లేని కార్డు పక్కన చిన్న దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.