లడ్డూల మీద పేరు

చోడిపిండి, అదే రాగిపిండి, వేయించేటప్పుడు గరిటె ఆపితే మాడుతుంది. సరిగ్గా అప్పుడే మా అత్తగారికి టీ కావాలి, మా ఆయనకి తువ్వాలు కావాలి. "ఓలే, ఇనబడ్డం నేదేటి?" అని కేక. ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి నా పేరు "ఓలే". ఆయన పేరైతే నేను అననే కూడదు. "మొగుడి పేరు నోట అంటే ఆడి ఆయుష్షు తగ్గిపోద్ది" అని కాపురానికొచ్చిన రోజే అత్తగారు సెలవిచ్చారు.

నర్సీపట్నంలో ఆడవాళ్లకి సొంత వ్యాపారం మీద శిక్షణ ఇస్తున్నారంటే వెళ్తానన్నాను. "లడ్డూలు సుట్టడానికి ట్రైనింగేటి?" అని నవ్వారాయన. నవ్వితే నవ్వారు, వెళ్లమన్నారు. అదే పదివేలు అనుకున్నాను. అక్కడ నా లడ్డూలకి లేబుల్ వేయించుకోమంటే ఇంటి పెద్ద పేరే పెట్టాలనుకున్నాను. నోటితో అనకూడదు గానీ రాయకూడదని ఎవరూ అనలేదుగా! "వీరేంద్ర చోడి లడ్డూలు" అని కాగితం మీద రాసిచ్చాను.

మాకు నేర్పే సత్యలక్ష్మి మేడమ్ నన్ను లేపి, "నేను కొనడానికొచ్చాను. పేరు చెప్పి అమ్ము" అన్నారు. ఆయన పేరు నోట అనకూడదాయె. "ఇవి... మా పాప నాన్నగారి లడ్డూలండీ" అనేశాను. హాలంతా గొల్లుమంది. సిగ్గుతో చచ్చిపోయాను. మేడమ్ మాత్రం నవ్వలేదు.

"చెప్పలేని పేరుతో ఎలా అమ్ముతావు తల్లీ? చుట్టేదెవరు?"

"నేనేనండీ."

"మరి నీకు పేరు లేదా?"

ఆ మాట అడిగిన మహాతల్లికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

కొత్త లేబుళ్లు చూసి ఆయన మొహం మాడ్చుకున్నారు. "నా పేరేటయ్యింది?"

నేను తగ్గలేదు. "కొనేవాళ్లందరికీ పేరు చెప్పాలి కదండీ. పొద్దస్తమానం మీ పేరే అంటుంటే మీ ఆయుష్షు ఏమైపోవాలి? మీరే చెప్పండత్తయ్యా."

"ఓలమ్మో, ఒద్దొద్దు! దాని పేరే ఉండనీరా!" అన్నారు అత్తగారు గుండెల మీద చెయ్యేసుకుని. ఇన్నేళ్లూ పళ్లు నూరుకున్న ఆ కట్టుబాటుకి లోపల్లోపలే దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు పిండి వేయిస్తుంటే నా ఫోన్ మోగింది. మాకవరపాలెం నుంచి ఎవరో. ఆయనే ఎత్తారు. "ఆఁ, ఉన్నాయండి. ఏ లడ్డూలంటే..." అని ఆగి నావైపు చూశారు. నేను గరిటె తిప్పుతూనే ఉన్నాను.

"వెంకటదుర్గ చోడి లడ్డూలండి" అన్నారు.

ఆ నోట నా పేరు వినడం అదే మొదటిసారి. గరిటె ఆగిపోయింది, పిండి మాడింది. మాడితే మాడనీ!