ఎనిమిదికీ ఎనిమిదికీ నడుమ

హెడ్‌సెట్ తలకు తగిలించుకుంటూనే శకుంతల ఎడమచేత్తో తీగ గుంజి టెలిఫోన్ ఎక్స్ఛేంజి బోర్డు రంధ్రంలో పెట్టింది. దీపం వెలిగింది. "హలో, ట్రంక్స్" అంది.

ఉదయం ఏడు దాటింది. ఇరవై మూడేళ్లుగా అదే కుర్చీ. ఇనుప పట్టీ జుట్టు పీకుతుందని హెడ్‌సెట్‌కు పాత వాయిల్ చీర అంచు చుట్టుకుంది. అయినా నడినెత్తిన వెంట్రుకలు ఊడి నున్నటి చార పడింది. ఈ ఉద్యోగం ఆమెకిచ్చిన పతకం అదొక్కటే.

దూరపు ఊళ్లకు మాట్లాడాలంటే ముందు కాల్ బుక్ చేసుకోవాలి. ఆపరేటర్ అవతలి మనిషిని పట్టుకుని, బుక్ చేసినవాళ్లకు తిరిగి మోగించి కలపాలి. ఎప్పుడు మోగించాలన్నదే అసలు విద్య. బట్టల దుకాణం రాజేశ్వర్ రావుకు తొమ్మిదిలోపు మోగిస్తే పూజ చెడిందని తిడతాడు. నాట్ల రోజుల్లో పాలంపేటలో పొద్దుగూకితే గాని మనిషి దొరకడు. ఇవి ఆమెకు ఎవరూ నేర్పలేదు. తిట్లు తిని నేర్చుకుంది.

ఆ విద్యను నిరుడు, ఎనభై ఆరులో, హైదరాబాదు పట్టుకుపోయారు. కాల్‌కొకటిగా ఆమె చేత్తో రాసిన ఏడాది టికెట్లు సంచులకెత్తి కంప్యూటర్‌కు మేపారు. ఎవరు ఏ వేళకు దొరికారో చదివి అది నేర్చుకుందట. తిరిగొచ్చింది ఒక పట్టిక, నంబరుకొక వేళ. ఇంజనీరు మల్లికార్జున్ దాన్ని అద్దంలో బిగించి గోడకు కొట్టించాడు. పట్టిక తప్పితే మెమో. శకుంతలకు ఇప్పటికే రెండు. మూడోది వస్తే సస్పెన్షన్. ఆమె రాతే ఆమెకు పాఠం చెప్పడానికి వచ్చింది. ఎంత సిగ్గుమాలిన పని!

ఏడున్నరకు కౌంటర్ దగ్గరికి సోమక్క వచ్చింది. చెప్పులు లేని కాళ్లు, రెండు రాత్రులు నిద్రలేని కళ్లు. భర్త ఎల్లస్వామిది బొంబాయి పక్క భీవండిలో మరమగ్గాల పని. అక్కడి టీ హోటల్ ఫోనే అతని ఫోన్.

"అక్కా, మా అత్త మొగిలమ్మ దవాఖానల ఉన్నది. ఈ పూట గడుస్తదో లేదో అన్నడు డాక్టరు. కొడుకు గొంతు ఒక్కపారి ఇనిపియ్యిమంటాంది. వార్డుల సిస్టరమ్మ ఫోన్ ఉన్నది, తీగె మంచం దాంక అందుతది."

"ఈ వారం ఏం షిఫ్టు?"

"రాత్రిది."

"అయితే ఎనిమిదింటికి దిగి చాయకు వస్తడు. నువ్వు పోయి అత్త పక్కన కూసో. ఫికర్ చెయ్యకు, నేను కలుపుత."

ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా శకుంతల తీగ తీసింది. వెనక మల్లికార్జున్.

"పట్టికలో ఆ నంబరుకు మధ్యాహ్నం రెండు గంటలు కదండీ?"

"సార్, రాత్రోళ్లు పొద్దున ఎనిమిదికి దిగుతరు, పగటోళ్లు రాత్రి ఎనిమిదికి. మిషిన్ రెండిటిని కలిపి నడుమకు తెచ్చింది. రెండింటికి సగం మంది మగ్గం కాడ, సగం మంది పక్కల నిద్రల. హోటల్ల నరపురుగు గూడ ఉండడు."

"ఏడాది టికెట్లు చూసి చెప్పింది అది. మీ ఒక్కరి మాట మీద ఎలా మారుస్తాం? కాగితం రాసివ్వండి, పైకి పంపిస్తాను."

"గా టికెట్లు నేను రాసినయే సార్!"

అతను చెడ్డవాడు కాదు. గొంతు కూడా పెంచలేదు. అదే ఆమెకు ఒళ్లు మండించింది. మెల్లగా ఆమె చేతిలోని తీగ తీసుకుని బల్ల మీద పెట్టాడు. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టి, తన జీతం మీదే బతుకుతున్న తల్లి భద్రమ్మ ఆమె కళ్లలో మెదిలింది. శకుంతల చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను ఎనిమిదిన్నర దాకా అక్కడే నిలబడ్డాడు. ఆ సరికి భీవండిలో టీ గ్లాసులు ఖాళీ అయి ఉంటాయి.

రెండింటికి, అచ్చంగా పట్టిక చెప్పిన వేళకు, మోగించింది. చాలాసేపటికి గ్లాసులు కడిగే ముసలాయన ఎత్తాడు. ఈ వేళప్పుడు ఇక్కడెవరుంటారు బాయీ అని నవ్వాడు.

వార్డుకు మోగించింది. మొదటి గంటకే సోమక్క ఎత్తింది.

"పొద్దుగాలటి సంది ఫోన్ కాడనే ఉన్న అక్కా. ముసల్ది పదకొండింటికి పోయింది. పోయేదాంక, మోగిందా బిడ్డా, మోగిందా అని అడుగుడే." ముక్కు చీదుకుంది. "నువ్వేం జేస్తవు తియ్యి. లైన్ దొర్కలేదేమో."

ఆ మన్నింపు శకుంతలకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. సోమక్క తిట్టి ఉంటే బాగుండేది.

"పార్టీ క్యాన్సిల్ అని రాయండి" అన్నాడు మల్లికార్జున్, టికెట్ వైపు చూసి. బుక్ చేసినవాళ్లే వద్దన్నట్టు అలా రాస్తే వచ్చే ఏడాది కంప్యూటర్ లెక్కలో అది తప్పు కిందకు రాదు. రెండు గంటల వేళ అలాగే గోడ మీద ఉంటుంది.

శకుంతల పెన్సిల్ తీసుకుంది. కారణం అన్న గడిలో పట్టక, టికెట్ నిండా రాసింది: "ఎనిమిదికి దొరికేవాడు. మోగించనియ్యలేదు. నేనూ ఊరుకున్న." కింద సంతకం చేసింది. హెడ్‌సెట్ తీసి కొక్కేనికి తగిలించి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, మెట్లు దిగిపోయింది.

ప్రభుత్వ టికెట్‌ను పాడుచేసినందుకు వారం తిరక్కుండా మూడో మెమో వచ్చింది, సస్పెన్షన్‌తో సహా. ఆ టికెట్ హైదరాబాదు సంచిలోకి వెళ్లలేదు. అలాంటి కారణానికి కంప్యూటర్‌లో గడి లేదన్నారు. ఆమె కుర్చీలోకి కొత్తమ్మాయి వచ్చింది, స్టోర్స్ నుంచి కొత్త హెడ్‌సెట్ తెచ్చుకుంది. పాతది కొక్కేనికే ఉంది, చుట్టిన వాయిల్ అంచులో రెండు తెల్ల వెంట్రుకలు చిక్కుకుని.