అడుగున ఉండే అర్జీ

దస్రు కాగితాల కట్టను నాలుగు వైపులా బల్లకేసి తట్టి సమం చేశాడు. పైన నున్నటి రాయి పెట్టాడు. అంతలోనే ఏదో తోచినట్టు రాయి తీసి, మళ్లీ తట్టాడు. ఆ మున్సిపల్ ఆఫీసులో ఫ్యాన్లు తిరిగితే గాలిదుమారమే, లేకపోతే ఉక్కపోతే. రాయి లేకుండా ఏ కాగితమూ నిలవదు. మురిక్కాలువలూ, వెలగని వీధి దీపాలూ, బొగ్గు టిప్పర్లు తిరిగి గుంటలు పడ్డ రోడ్లూ, ప్రజావాణిలో జనం చెప్పుకున్న కష్టాలన్నీ ఆ కట్టలో ఉన్నాయి. మధ్యాహ్నం మూడింటికి కౌన్సిల్ మీటింగు. కట్టను తీసుకెళ్లి చైర్‌పర్సన్ ముందు పెట్టడం అతని పని.

పొట్టి మనిషి. యాభై ఎనిమిదేళ్లకే వీపు కాస్త వంగింది. ఖాకీ చొక్కా కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్నాడు. కుడిచేతి వేళ్లకు స్టాంపు ప్యాడు ఊదారంగు, ఎన్ని సబ్బులు రుద్దినా వదలకుండా పట్టేసింది. ఊరు పంచాయతీగా ఉన్నప్పుడు నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వు తిప్పేవాడు. ఊరు మున్సిపాలిటీ అయి, వాగవతల ఉన్న అతని తండాను కూడా కలిపేసుకున్నాక అటెండరయ్యాడు. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో, ఏ సారుకు చాయ్‌లో చక్కెర వద్దో అన్నీ అతనికే తెలియాలి. ఆఫీసులో అందరికీ తలలో నాలుక. తన సంగతి వచ్చేసరికి మాత్రం నోట్లో నాలుక లేని మనిషి.

ఆ ఆఫీసుకో పద్ధతి ఉంది. మీటింగులో అర్జీలు పైనుంచి కిందికి చదువుతారు, చదివిన వరుసలోనే పనులు మంజూరు చేస్తారు. పదో పన్నెండో అయ్యేసరికి నిధులు అయిపోతాయి, మెంబర్లకు ఆవలింతలు మొదలవుతాయి. మిగిలినవి వచ్చే మీటింగుకు. అప్పటికి వాటి మీద కొత్తవి వచ్చి పడతాయి. ఈ కిటుకు తెలిసిన మెంబర్లు ముందురోజే వచ్చి దస్రు భుజం మీద చెయ్యేసి, "మాది జర మీదికి పెట్టు దస్రన్నా" అంటారు. దస్రు నవ్వి ఊరుకుంటాడు. ఎవరి కాగితమూ కదపడు.

ఒక్కదాన్ని మాత్రం ప్రతిసారీ తన చేత్తో తీసి, అన్నిటికన్నా అడుగున పెడతాడు. అది తండా అర్జీ. తండాకూ రోడ్డుకూ మధ్య ఉన్న వాగు మీద కల్వర్టు కావాలని.

దీని వెనుక పెద్ద కథేమీ లేదు. మొదటి ఏడు ఆ అర్జీ ఎలాగో పైన పడింది. అప్పటి మేనేజరు అది చూసి, ఇరవై మంది ముందు, "ఏందిరా, ఆఫీసును నీ తండా అనుకున్నవా? మీవోళ్లది ముందల పెట్టుకుంటవా?" అన్నాడు. ఆ మేనేజరు బదిలీ అయి వెళ్లిపోయాడు, ఆ మాట అన్నట్టు కూడా అతనికి గుర్తుండదు. దస్రు మాత్రం దాన్ని పదకొండేళ్లుగా మోస్తున్నాడు. అడుగున పెడితే ఎవరూ వేలెత్తి చూపరు కదా అనుకున్నాడు. నిజాయితీకి కూడా కాస్త వెర్రితనం తోడైతే ఇలాగే ఉంటుంది.

తండావాళ్లకు ఇదేమీ తెలియదు. మిగతా వార్డుల వాళ్లు జెండాలు పట్టుకుని ఆఫీసు ముందు కూర్చుంటారు, నాయకుల ఇళ్ల చుట్టూ తిరుగుతారు. తండా నుంచి ఒక్కరు రారు. పెద్దమనిషి మంగీలాల్ ఏటా వానలకు ముందు అందరి వేలిముద్రలూ వేయించి, కాగితం దస్రు చేతికిస్తాడు. "మనోడు ఆఫీసులనే ఉండంగ మనకు తిరుగుడేంది" అంటాడు. అందరూ అవ్ అంటారు.

రెండేళ్ల కిందట, శ్రావణంలో, దస్రు భార్య బాలిని పత్తి చేనులో పాము కరిచింది. మంచం మీద వేసుకుని వాగు దాకా తెచ్చారు. వాగు రొమ్ముల లోతు పోతోంది. అవతలి ఒడ్డున నూటెనిమిది బండి వచ్చి ఆగింది. దాని మీద తిరిగే ఎర్రదీపం కనిపిస్తూనే ఉంది. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా నీళ్లు తగ్గుతాయేమోనని చూశారు. నీళ్లు తగ్గే లోపల బాలి పోయింది. పదిహేను రోజుల తర్వాత దస్రు ఆఫీసుకొచ్చి స్టాంపు ప్యాడు తెరిచాడు. "ఎట్ల పోయింది?" అని సీనియర్ అసిస్టెంటు కోటేష్ అడిగితే, "పురుగు ముట్టింది సార్" అన్నాడు. వాగు మాట చెప్పలేదు. చెబితే అడుక్కున్నట్టుంటుందని అనుకున్నాడు. ఆ రోజు మంచం దింపిన చోటు నుంచి ఒక రాయి తెచ్చి అర్జీల మీద పెట్టుకున్నాడు. ఒకసారి చైర్‌పర్సన్ నిర్మలాదేవి దాన్ని చేతిలోకి తీసుకుని, "భలే నున్నగా ఉందే, ఎక్కడిది దస్రూ?" అంది. "మా వాగుదమ్మా" అన్నాడు. తండా గోడు అతను ఆఫీసులో విప్పింది అంతవరకే.

నిన్న సాయంత్రం మంగీలాల్ ఈ ఏటి అర్జీ తెచ్చిచ్చాడు. వెళ్లబోతూ ఆగాడు.

"మా కోడలు కళ్యాణికి శ్రావణంలనే నొప్పులస్తయంటున్నరు, దస్రూ. గట్ల నీళ్లొచ్చినప్పుడు ఏం జేద్దుం? ఈసారన్నా జర చూడు."

దస్రుకు రాత్రంతా నిద్ర లేదు. ఈ కౌన్సిల్‌కు ఇదే ఆఖరి మీటింగు. నెల తిరిగితే పదవీకాలం అయిపోతుంది, తర్వాత ఎవరొస్తారో, ఎన్నాళ్లకు వస్తారో. తెల్లారేసరికి ఎడమ భుజం లాగుతోంది. నీళ్ల క్యాన్లు మోసినందుకేనని బామ్ రాసుకుని వచ్చాడు.

ఇప్పుడు, మూడింటికి పది నిమిషాలుండగా, కట్ట అడుగు నుంచి తండా అర్జీ బయటికి లాగాడు. చుట్టూ చూశాడు. భీమక్క వరండా ఊడుస్తోంది, కోటేష్ ఫోన్‌లో ఉన్నాడు. అర్జీని అన్నిటికన్నా పైన పెట్టాడు. దాని మీద రాయి పెట్టాడు. దొంగతనం చేసినట్టూ ఉంది, పదకొండేళ్ల తర్వాత నిటారుగా నిలబడ్డట్టూ ఉంది.

హాలు నిండింది. దస్రు కట్టను నిర్మలాదేవి ముందు పెట్టి, గ్లాసులున్న పళ్లెం పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. రాయి తీసి పక్కన పెట్టింది. పై కాగితం మీద చెయ్యి వేసి, ఆగింది. మంచి మనిషి. సత్తుపల్లి వైపు నుంచి వచ్చిన రైతు కుటుంబం, పరుల కష్టం చూస్తే మనసు ఆగదు.

"ఒక్కమాటండీ. ఇది మన ఆఖరి మీటింగు. ఐదేళ్లూ పైనున్న వాళ్లవే చూశాం. పాపం, అడుగున ఉండిపోయిన వాళ్ల సంగతేంటి? ఈ ఒక్కసారి కింది నుంచి మొదలుపెడదాం."

మెంబర్లు బల్లలు చరిచారు. ఆమె కట్టను అమాంతం తిరగేసింది. తండా అర్జీ మళ్లీ అడుగుకు పోయింది.

"అమ్మా..." అన్నాడు దస్రు. ఆ హాల్లో, మీటింగు నడుస్తుండగా, అతను నోరు తెరవడం అదే మొదలు.

అందరూ తలలు తిప్పారు. నిర్మలాదేవి కళ్లజోడు పైనుంచి చూసింది. "ఏంటి దస్రూ?"

ఒక్క మాట చాలు. కళ్యాణి పేరు చెప్పినా చాలు, బాలి పేరు చెప్పినా చాలు. దస్రు పళ్లెం ముందుకు చాపాడు.

"నీళ్లమ్మా."

ఆమె గ్లాసు తీసుకుంది. దస్రు బయటికొచ్చి తలుపు పక్కన తన స్టూలు మీద కూర్చుని, గోడకు ఆనుకున్నాడు. లోపల పనులు ఒక్కొక్కటే ఆమోదమవుతున్నాయి. బల్లలు చరిచినప్పుడల్లా లెక్కకు ఒక వేలు మడిచాడు. నొప్పి భుజం నుంచి రొమ్ములోకి దిగింది. అడుగున పెట్టే అలవాటు ఈ ఒక్కరోజు మానకపోతే అయిపోయేది కదా అనుకున్నాడు. ఈ ఒక్కరోజు. పదకొండోసారి బల్లలు చరిచారు, అది లెక్కపెట్టాడు. పన్నెండోది లెక్కపెట్టలేదు.

"ఇంక నిధుల్లేవు మేడం" అని కోటేష్ గొంతు వినిపించింది. అందరూ చాయ్ కోసం బయటికొచ్చారు. "దస్రూ, చాయ్ పట్రా" అన్నాడు కోటేష్. దస్రు లేవలేదు. వేళ్లు మడిచినవి మడిచినట్టే ఉన్నాయి.

పొద్దు వాలకముందే దస్రు శవాన్ని మున్సిపాలిటీ బండిలో తండాకు తీసుకెళ్లారు. బండి వాగు దగ్గర ఆగిపోయింది. మొన్నటి వానకు నీళ్లు మోకాళ్ల పైకి ఉన్నాయి. వెనుక కారులో వచ్చిన నిర్మలాదేవి దిగి, ఒడ్డున నిలబడి అటూ ఇటూ చూసింది. కాళ్ల కింద నున్నటి రాళ్లు. ఎక్కడో చూసినట్టున్న రాళ్లు.

"ఇక్కడ కల్వర్టు లేదా? ఇన్నేళ్లూ ఒక్క అర్జీ అన్నా పెట్టుకోలేదేం మీరు?"

మంగీలాల్ తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఏటేటా పెడ్తనే ఉన్నమమ్మా. దస్రు చేతికే ఇస్తన్నం. ఆఫీసుల మావోడు ఉండంగ మాకు తిరుగుడేంది అనుకున్నం."

తండా నుంచి వచ్చిన నలుగురు దస్రును మంచం మీద వేసి, ఎత్తుకుని నీళ్లలోకి దిగారు. అవతలి ఒడ్డున కళ్యాణి, నిండు కడుపు మీద చెయ్యి వేసుకుని, వాళ్లు దాటి రావడం చూస్తూ నిలబడింది.

ఆఫీసులో భీమక్క గ్లాసులు కడిగి, స్టూలు గోడకు జరిపి, హాల్లో ఫ్యాను ఆపింది. చైర్‌పర్సన్ బల్ల మీద మిగిలిపోయిన అర్జీల కట్ట ఉంది. దాని అడుగున తండాది. కాగితాలు ఎగరకుండా ఎవరో వాగు రాయిని మళ్లీ వాటి మీద పెట్టి వెళ్లారు.