తాయిఫ్ తీగ

దేవన్నకు నెల రోజులుగా ఒకచోట కాలు నిలవడం లేదు. సౌదీలో, అల్ ఖోబర్‌లో తను పనిచేసే ఇంటి తోటలో నీళ్ల పైపు పట్టుకుంటాడు, రెండు మొక్కలు తడవకముందే దాన్ని కింద పడేసి వెనక గోడ దగ్గరికి పరుగెత్తుతాడు. గోడ మీది హనీసకిల్ అనే వాసన పూల తీగను కొమ్మ కొమ్మా తిప్పి చూస్తాడు. ఆకులే ఆకులు. ఇంత నవనవలాడుతూ ఒక్క మొగ్గ కూడా పెట్టకపోతే దాన్నేమనాలి? తిట్టాలో బతిమాలాలో తెలియక కాలుగాలిన పిల్లిలా మళ్లీ పైపు దగ్గరికొస్తాడు.

ఆ తీగ పూస్తేనే బతుకు నిలిచేది మరి! జగిత్యాల నుంచి వచ్చి పదకొండేళ్లుగా అతను పనిచేస్తున్న తోటపని కంపెనీ నితాఖత్ అనే సర్కారు లెక్కలో ఎరుపు రంగులో పడింది. సౌదీవాళ్లను సరిపడా పెట్టుకోని కంపెనీకి ఇక పనివాళ్లు దేశంలో ఉండటానికిచ్చే అకామాలు రెన్యువల్ కావు. దేవన్న అకామా రంజాన్‌తో సరి. ఈలోపు ఆ లెక్కలో పచ్చ రంగున్న కంపెనీ ఏదైనా తన పేరు మీదికి మార్చుకుంటే ఉంటాడు, లేదంటే ఎగ్జిట్ కొట్టి పంపేస్తారు. ఈ ఇంటి యజమానికి అలాంటి కంపెనీ ఉంది. కానీ బయటి దేశపు పనివాడికి తలకింత అని లెవీ పడ్డప్పటి నుంచి, కొత్తవాళ్ల మాటెత్తితేనే ఆయన మొహం చిట్లిస్తున్నాడు. మిగిలిన ఆశల్లా ఆయన భార్య, మేడమే. ఆ తీగ చనిపోయిన వాళ్లమ్మది. పుట్టిల్లు తాయిఫ్ నుంచి అంటు తెచ్చి మూడేళ్లుగా పెంచుకుంటోంది. "ఈ ఏడు ఆ వాసన నా ఇంట్లోకి వస్తే, నీ గురించి సారుతో నేనే మాట్లాడతా" అని చలికాలం మొదట్లో మాటిచ్చింది.

ఆ మాటతోనే కొంప మునిగింది. ఊళ్లో దేవన్న నాయనకు మల్లెతోట ఉండేది. చలి పోకముందే నీళ్లు ఆపేసి, గొర్రెలను తోలి ఆకంతా మేపించి, కొమ్మలు కొట్టేస్తే, ఎండలు ముదిరేసరికి తోటంతా తెల్లగా విచ్చుకునేది. వాసన చెట్టు ఏదైతేనేం అనుకున్నాడు ఈ మహానుభావుడు! ఆ చలికాలంలో మేడం తాయిఫ్ వెళ్లిన వారంలోనే, గొర్రెలు లేకపోతేనేం, తనే కూర్చుని ఆకు దూశాడు. కత్తెర పట్టి పాత కొమ్మలన్నీ కొట్టేశాడు. నెలన్నర తర్వాత ఆమె తిరిగొచ్చేసరికి కొత్త చిగురు గోడెక్కేసింది. ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

ఒకరోజు మాబున్నీ బట్టలు ఆరేయడానికి వచ్చింది. కడప నుంచి ఈ ఇంట్లో పనికొచ్చి ఆరేళ్లు. దేవన్నకూ మేడంకూ మధ్య మాటలు మోసేది ఆమే.

"దేవన్నా, మేడం వాళ్లక్కతో ఫోన్‌లో అంటాంటే విన్యా. ఈ తీగ పోయినేడాది కొమ్మకే పూస్తాదంట. కొత్త కొమ్మకు పూయదంట."

దేవన్న గబుక్కున తీగ వైపు తిరిగాడు. "పాత కొమ్మలన్ని నేనే గొట్టిన గదనే చెల్లె!"

"ఓర్నాయనో! ఎవురు కొట్టమన్యారు నిన్ను?"

"ఎవ్వలనలే. మల్లెకు గొట్టినట్టు గొట్టిన. నాకేమెరుక!"

మాబున్నీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "అరవొద్దు. ఖతీఫ్ నర్సరీలో ఇదే తీగ పూసిన కుండీ దొరుకుతాది. తెచ్చి ఆకుల్లో దాపెట్టు. వాసనొస్తే సాలదా?"

శుక్రవారం పొద్దున్నే దేవన్న ఖతీఫ్ వెళ్లాడు. కుండీ దొరికింది. ఆ వాసన నిజంగానే ప్రాణం లేచొచ్చేలా ఉంది. అయినా చనిపోయిన తల్లి పేరు చెప్పి మేడంకు అంగడి పువ్వు చూపించడానికి మనసొప్పలేదు. తనమీద తనకే చిరాకేసి, కుండీ అక్కడే పెట్టేసి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

మర్నాడు మేడం గోడ దగ్గరికి రాగానే, ధైర్యం జారిపోకముందే మాబున్నీని పిలిచాడు. "పాత కొమ్మలు నేనే గొట్టిన అని చెప్పు. ఈ యేడు పూయది. తప్పంత నాదే. వచ్చే యేడు పూస్తది, దానికి కత్తెర తగలనియ్యద్దని చెప్పు."

మేడం కోప్పడలేదు. తలొంచుకుని మెల్లగా అరబ్బీలో ఏదో చెప్పింది. మాబున్నీ నమ్మలేక అదే మాట ఆమెను మళ్లీ అడిగింది.

"ఏమంటుంది? చెప్పవేందే!"

"సారు రెండు నెల్ల కిందనే కుదరదన్యాడంట అన్నా. తీగ పూసినా నిన్ను తీసుకోడంట."

"రెండు నెల్లా! మరి నాకెందుకు చెప్పలే?"

మాబున్నీ అడిగింది. మేడం జవాబు రెండే మాటలు.

"చెప్తే నువ్వు దీనికి నీళ్లు పోయవని భయపడిందంట."

దేవన్నకు ఒళ్లు భగ్గున మండింది. యాన్బులో ఉన్న మేనబావ సదానందం, తన కంపెనీలో ఖాళీ ఉంది రమ్మని పోయిన నెలే పిలిచాడు. మేడం మాటిచ్చింది కదా అని రానన్నాడు. ఇప్పుడు ఆ ఖాళీ లేదు, చేతిలో రోజులూ లేవు. తిట్లు నోటిదాకా వచ్చాయి. ఎదురుగా కళ్లనీళ్లతో నిలబడ్డ మేడంను చూశాక అవి బయటికి రాలేదు.

"పోసేటోణ్ణే అని చెప్పు" అన్నాడు. "నన్ను ఎల్లగొడ్తున్నరని తెల్సినా పోసేటోణ్ణే. అదేం పాపం జేసిందని ఎండబెడ్త?"

ఆ మాట అరబ్బీలో చెప్పాల్సిన మాబున్నీ తలగుడ్డ కొసతో కళ్లు ఒత్తుకుంది. ఏమన్నాడు, ఏమన్నాడు అని మేడం అడుగుతూనే ఉంది.